ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో మొబైల్ యాత్రా సమాచారం

సందర్భానుసార యాత్రా సమాచారం అనగా యాత్రికుడు ఉన్న చోటు, వేళ, భాష, అవసరాలను బట్టి అతని మొబైల్ ఫోనుకు అందే సమాచారం. 1990ల చివరలో ఇంగ్లాండులోని లాంకాస్టర్ నగరంలో గైడ్ అనే ప్రయోగం ద్వారా పర్యాటకులకు చేతి పరికరాలిచ్చి దీనిని పరీక్షించారు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ఈ అవసరం కొంత భిన్నమైనది. ఇక్కడి పలు స్థలాల విషయంలో "ఎక్కడ" అన్నదానికన్నా "ఎప్పుడు" అన్నదే ముఖ్యం.

పంచాంగం, పటం

ఆదోని కోట, 17వ శతాబ్దపు జామియా మసీదు ఏడాది పొడవునా చూడదగినవి. వీటికి పటం చాలును. తక్కినవి తిథులను బట్టి నడుస్తాయి. ఉరుకుంద ఈరన్నస్వామి ఉత్సవాలు, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ మాసంలోనూ, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్య మాసంలోనూ జరుగుతాయి. హొళగుంద మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో భక్తులు కర్రలతో తలపడతారు, పలువురు గాయపడుతుంటారు. తక్కిన రోజులలో అది ప్రశాంతమైన కొండ గుడి. ఈ భేదం ఎరుగని పటం కొత్తవారిని నేరుగా ఆ గుంపులోకి పంపగలదు.

దారి, భాష

మంత్రాలయం రోడ్ రైల్వే స్టేషను మంత్రాలయానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఎమ్మిగనూరుకు రైలు మార్గమే లేదు. "వేర్ ఈజ్ మై ట్రైన్" వంటి అనువర్తనాలు అంతర్జాలం లేకున్నా సెల్ టవర్ల ఆధారంగా రైలున్న చోటు చెప్పగలవు కాని, రైలు దిగిన తరువాతి దారి వాటి పరిధిలోనిది కాదు. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ ద్వారా ప్రారంభించిన "మన మిత్ర"లో దేవాదాయ, ఆర్టీసీ సేవలున్నాయి. అయితే అది ప్రధానంగా అడిగినవారికి చెప్పే ఏర్పాటు. మంత్రాలయానికి కర్ణాటక నుండి వచ్చే భక్తులు అధికం కనుక కన్నడం లేని సేవ ఇక్కడ సగం సేవే.

తుంగభద్ర వరదలు

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినపుడు యాత్రికులు చిక్కుకుపోయారు. 2024 ఆగస్టు 10 రాత్రి, అనగా శ్రావణ మాసంలోనే, హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోగా దిగువనున్న కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలను అప్రమత్తం చేశారు. నది నిండే కాలం, భక్తులు వచ్చే కాలం ఒకటే కావడం ఇక్కడి చిక్కు.

ఊరివారి నంబర్లకు పంపే ఎస్సెమ్మెస్సు పొరుగు రాష్ట్రపు యాత్రికుని చేరదు. 2023లో దేశంలోని పలు ప్రాంతాలలో పరీక్షించిన సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి ఇందుకు తగినది. ఇందులో నంబర్ల జాబితా అక్కరలేదు. ఎంచుకున్న టవర్ల పరిధిలోని ఫోన్లన్నిటికీ, అది స్థానికునిదైనా యాత్రికునిదైనా, ఒకేసారి సందేశం వెళుతుంది. ఎవరు ఎక్కడ తిరిగారన్న వివరం సేకరించవలసిన పని కూడా లేదు. ఇది వ్యక్తిగత సమాచారం కానే కాదు, చోటును బట్టి వచ్చే సమాచారం మాత్రమే. మఠం నుండి ఏ దారిన, ఏ మెరకకు వెళ్ళాలో తెలుగులోనూ కన్నడంలోనూ ముందుగా వ్రాసి ఉంచవలసినది స్థానిక యంత్రాంగమే.