ఈ ఒక్క బట్వారా జరూరీ

బట్వారా అనే మాట మన ఇళ్లల్లో ఎవరికీ నచ్చదు. 1947 సంగతి అట్లా ఉంచండి, అన్నదమ్ములు ఆంగన్ నడుమ గోడ లేపితే దాదీమా అన్నం మానేసిన ఇళ్లు ప్రతి మొహల్లాలో ఉన్నాయి. అయినా ఒక్క బట్వారా తరఫున నేను వకాలత్ చేస్తాను. ఇంట్లో మూలకు పడి ఉన్న ఆ పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ని రెండు హిస్సాలు చేయండి. సి డ్రైవ్‌లో విండోస్ ఉండాలి, డి డ్రైవ్‌లో మీ ఖాందాన్ సామాను ఉండాలి.

కంప్యూటర్ నెమ్మదించగానే మనం దుకాణానికి మోసుకెళ్తాం. 'ఫార్మాట్ కొడితే సాఫ్ అయిపోతది భాయ్' అంటాడు పిల్లగాడు. అబద్ధమేమీ కాదు. కాకపోతే డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో దాచుకున్నదంతా సి డ్రైవ్‌లోనే ఉంటుందని చాలామందికి ఖబర్ ఉండదు. మా మొహల్లాలో ఒక ఖాలా ఇంట్లో అట్లాగే పోయింది. ఆమె శోహర్ చివరి రోజుల్లో మనవరాలికి చెప్పిన కహానీల రికార్డింగులు, జమీన్ కాగజాత్ స్కాన్లు, అన్నీ. దుకాణం పిల్లగాడిని ఏమంటాం? 'జరూరీవి ఏమైనా ఉన్నాయా' అని అతను అడిగితే, 'ఏమీ లేవు, కొట్టెయ్' అన్నది కొడుకే.

రాసేవాళ్ల ఇళ్లల్లో ముసీబత్ ఇంకా పెద్దది. ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ మజ్మూన్లు ఇన్‌పేజ్ లేకుండా తెరుచుకోవు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని చోట అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనబడుతుంది. వాటి కోసమైనా పాత డబ్బా బతికుండాలి. బతికుండాలంటే ఎప్పుడో ఒకసారి విండోస్ మళ్లీ వేయక తప్పదు. రెండు హిస్సాలుంటే సి ఒక్కటే తుడుచుకుపోతుంది, డి ఉన్నచోటే ఉంటుంది.

పార్టిషన్ అంటే డిస్క్ లోపల నిజంగా దీవార్ కట్టరు. పాత పద్ధతి డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 64 బైట్లలో నాలుగు పద్దులు రాసి ఉంటాయి, ఏ హిస్సా ఎక్కడ మొదలు, ఎంత పొడవు అని. జమీన్ కాగజాత్‌లో హద్దులు రాసినట్టే. అందుకే ఎవరైనా పొరపాటున పార్టిషన్ డిలీట్ చేస్తే గాబరా పడకండి. పోయింది పద్దు, జమీన్ కాదు. దాని మీద కొత్తగా ఏదీ రాయకుండా ఆపేస్తే తిరిగి దొరికే ఉమ్మీద్ చాలా ఉంటుంది.

విండోస్ విస్టా నుంచి పని ఆసాన్. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ నొక్కాలి. ఖాళీ అయిన చోట కొత్త వాల్యూమ్ చేసుకోవాలి. కొన్నిసార్లు సగం ఖాళీ ఉన్నా కొంచెమే ఇస్తానంటుంది. కదలని సిస్టమ్ ఫైళ్లు నడుమ కూర్చుంటే అంతే. ఎక్స్‌పీలో ఈ సౌలత్ లేదు, విండోస్ వేసేటప్పుడే పంచుకోవాలి. 500 జీబీ డిస్క్ అయితే (కంప్యూటర్ 465 అనే చూపిస్తుంది, దుకాణం వాడితో ఝగడా పడకండి) సి కి 100 ఇవ్వండి. కొందరు 30 ఇచ్చి, ఏడాదిలోనే నిండిపోయిందని తల పట్టుకుంటారు. డి ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చేయండి. ఫ్యాట్ 32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, మన షాదీ వీడియోలు అంతకంటే చిన్నగా ఎప్పుడుంటాయి? మొదలుపెట్టే ముందు జరూరీ ఫైళ్లు బయట ఎక్కడైనా నకలు తీసుకోండి. పని నడుమ కరెంట్ పోతే ఏమవుతుందో చెప్పలేం.

హిస్సా చేస్తే సరిపోదు, సామాను కూడా మార్చాలి. మై డాక్యుమెంట్స్ ప్రాపర్టీస్‌లో దాని జాగా డి కి మార్చుకోవచ్చు. మళ్లీ విండోస్ వేయించేటప్పుడు దుకాణంలో పక్కన నిలబడి 'సి ఒక్కటే ఫార్మాట్ చెయ్ బేటా, మిగతా పార్టిషన్లు డిలీట్ కొట్టకు' అని చెప్పండి. అన్నీ డిలీట్ కొట్టి ఒకటే చేయడం వాళ్లకు ఆదత్.

'ఇదంతా పాత జమానా పని చాచా' అంటాడు మా భతీజా. కొత్త 256 జీబీ ఎస్‌ఎస్‌డీ విషయంలో అతని మాట సహీ. ఉన్నదే చిన్న ఇల్లు, గోడ ఎందుకు? నేను చెప్పేది పాత పెద్ద డిస్కుల గురించి.

ఇంకో మాట కూడా అంటాడు, అది నూటికి నూరుపాళ్లు నిజం. సి, డి రెండూ ఒకే లోహపు పళ్లేల మీద ఉంటాయి. డిస్క్ టక్ టక్‌మని చప్పుడు మొదలుపెట్టిందంటే రెండూ కలిసే పోతాయి. అందుకని డి లో ఉన్నదానికి ఇంకో నకలు బయటి డిస్క్‌లో తీయండి, ఆ డిస్క్‌ని ఇంకో ఇంట్లో పెట్టండి. మాది మా ఆపా అల్మారీలో, బట్టల కింద ఉంటుంది. ఆమె డిస్క్ మా ఇంట్లో.