మూర్ఛరోగి మర్యాద

ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వస్తే మనం ముందుగా వెతికేది తాళంచెవుల గుత్తి. ఇనుముతో మూర్ఛ ఆగదు. సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో అదే ఆగుతుంది. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర దుస్తులు వదులు చేయాలి, నోట్లో ఏమీ పెట్టరాదు. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్ళీ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

మూర్ఛతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చిన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ఆయన ఆమెను చీదరించుకోలేదు. సహనం వహిస్తే స్వర్గం ఉందని శుభవార్త వినిపించారు. మూర్ఛలో తన వస్త్రాలు తొలగకుండా ఉండాలని ఆమె కోరితే, అందుకోసం దుఆ చేశారు.

చికిత్స చేయించుకోమని ఆదేశించినదీ ఆ ప్రవక్తే. కనుక సంబంధాలు రావన్న భయంతో కూతురి జబ్బును వైద్యునికి చూపకుండా దాచడం, రమజానులో డాక్టరును అడగకుండా మాత్రలు మాన్పించడం సహనం అనిపించుకోవు. రోగికి ఉపవాసంలో వెసులుబాటు కల్పించినవాడు అల్లాహ్‌యే. వేళకు మాత్ర అందించడం, పడిపోయినప్పుడు దుప్పటి కప్పి మర్యాద కాపాడడం మన బాధ్యత.