నీరు లేనిచోట జీర్ణరసము

అన్నమును చాలసేపు నమిలినచో తియ్యనగుట మీరెఱిగినదే. లాలాజలమందలి ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటయే యిందులకు కారణము. అట్లే ప్రేవులలో నేతిని, నూనెను విడదీయునది లైపేజను ఎంజైము. ఇట్టివి నీటియందే పనిచేయునని పలువురు తలచెడివారు. మరుగునీట నది క్షణములో చెడును.

1984వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయందు జాక్సు, క్లిబనోవు అనువారు లైపేజును దాదాపు నీరులేని ద్రవమునందుంచి 100 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాచిరి. అది గంటలకొలది చెడక పనిచేసెను! ఎంజైము చుట్టిన దారపుండవంటిది. వేడినీట నా చుట్లు సడలి విడిపోవును. నీరు లేనిచో బిగిసి నిలుచును. అయినను దాని నంటియుండు కొద్దిపాటి చెమ్మ యావశ్యకము.

అంతకంటె వింత యొకటి గలదు. కొవ్వును విడదీయుటకు నీరు ఖర్చగును. నీరు కఱవైనచో క్రియ తిరుగబడి, విడదీయు లైపేజే కూర్చునదగును. ఈ గుణమునుబట్టి నేడు నూనెలలోని కొవ్వుల యమరికను మార్చి గట్టికొవ్వులను చేయుచున్నారు. నూనెకు హైడ్రోజనును అసంపూర్ణముగా చేర్చినపుడు పుట్టు ట్రాన్సుకొవ్వు ఈ పద్ధతిలో పుట్టదు. ట్రాన్సుకొవ్వు గుండెకు కీడు. మనదేశమున 2022 జనవరినుండి నూనెలలోను, వనస్పతిలోను దానికి నూటికి 2 పాళ్ళ హద్దు విధింపబడినది.

కావున వనస్పతి కొనునపుడు డబ్బాపైనున్న ట్రాన్సుకొవ్వు లెక్కను చదివి మఱియు కొనుడని మా మనవి.