దోషి దొరికాడు, కారణం దొరకలేదు

పెద్ద ప్రమాదం జరిగిన మరునాడు పత్రికలలో మృతుల సంఖ్య పక్కనే సస్పెండయిన ఉద్యోగుల సంఖ్య కూడా కనిపించడం మనకు అలవాటైపోయింది. విచారణ పూర్తికాక ముందే బాధ్యుడెవరో తేలిపోతుంది. అతడు డ్రైవరో, స్టేషన్ మాస్టరో, సిగ్నల్ మెయింటెయినరో అయివుంటాడు. చివరిగా చేయి పెట్టినవాడు దొరికితే కారణం కూడా దొరికినట్లేనని భావించడం మన పాలనా యంత్రాంగంలో వేళ్లూనుకొన్న దురాచారం. దీనివలన ఒక ఉద్యోగికి అన్యాయం జరగడంతో ఆగదు. రేపటి ప్రమాదానికి మార్గం తెరిచే వుంటుంది.

2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని వద్ద కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను ఒక గూడ్సు బండి వెనుకనుండి ఢీకొన్నది. ఆ ప్రమాదంలోనే మరణించిన గూడ్సు డ్రైవరు సిగ్నలును ఖాతరు చేయలేదని ఆనాడే ఉన్నతాధికారులు ప్రకటించారు. జవాబు చెప్పుకోలేనివానిపై నింద మోపడం ఎంత సులభం! రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలినది వేరు. ఆ ఉదయం ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడిపోయి వున్నాయి. వాటిని దాటి పోవడానికి డ్రైవర్లకు ఇచ్చిన అనుమతి పత్రం ఆ సందర్భానికి తగినది కాదు. ఎంత వేగంతో పోవాలో అందులో లేదు. ఆ ఉదయం ఆ సెక్షనులో ప్రవేశించిన బండ్లలో చెడిన ప్రతి సిగ్నలు వద్దా ఆగి, నిర్ణీత వేగంతో సాగినది కాంచన్‌జంగా ఒక్కటే. ఒక్క డ్రైవరు తప్పితే నిర్లక్ష్యమనవచ్చు. తక్కిన వారందరూ ఆ పత్రాన్ని ఒకే విధంగా అర్థం చేసుకొన్నప్పుడు లోపం ఎక్కడున్నట్లు? శిక్షణలో, ఉత్తర్వులో, పర్యవేక్షణలో వున్నది.

అంతకు ఏడాది ముందు, 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి మళ్లి, అక్కడ నిలిచివున్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పులలోను, లెవెల్ క్రాసింగ్ గేటు అడ్డకమ్మీ మార్చే పనిలోను జరిగిన లోపాలే కారణమని కమిషనర్ నిర్ధారించారు. సిగ్నలింగ్ విభాగానికి చెందిన ముగ్గురు అరెస్టయ్యారు. కానీ ఆ నివేదికలోనే మరొక విషయం వున్నది. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బంక్రానయాబాజ్ స్టేషనులో తప్పు వైరింగు వలన ఇటువంటి ఘటనే జరిగింది. అప్పుడే దిద్దుబాటు చర్యలు తీసుకొనివుంటే బహానగా ప్రమాదం జరిగివుండేది కాదు. ప్రాణనష్టం లేకుండా అందిన హెచ్చరికను పట్టించుకోని వ్యవస్థ, ప్రాణాలు పోయిన తరువాత నేరస్థులను వెదికింది.

కారణాన్ని వెదికే పద్ధతులు లేక కాదు. 1970 దశకంలో ఫ్రాన్సులో కారణాల వృక్షం అనే విధానం రూపొందింది. గాయం నుండి మొదలుపెట్టి, ఇది జరగడానికి అంతకు ముందు ఏమి జరిగివుండాలి అని ఒక్కొక్క అడుగే వెనుకకు పోవాలి. వాస్తవాలనే రాయాలి, నిర్లక్ష్యం, అజాగ్రత్త వంటి తీర్పులకు అందులో చోటు లేదు. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాపమ్ జంక్షన్ వద్ద జరిగిన ప్రమాదంలో 35 మంది మరణించారు. ఒక టెక్నీషియన్ పాత వైరును పూర్తిగా తొలగించకుండా వదిలాడు. న్యాయవాది ఆంథొనీ హిడెన్ జరిపిన విచారణ అక్కడ ఆగలేదు. ఆ టెక్నీషియన్ అంతకు ముందు 13 వారాలలో ఒకే ఒక్క రోజు సెలవు అనుభవించాడనీ, అతని పనిని మరొకరు స్వతంత్రంగా తనిఖీ చేయలేదనీ బయటపెట్టింది. పనిగంటలకు పరిమితి వుండాలని సిఫార్సు చేసింది.

తపాలా సోదరులకు ఇది పరాయి విషయం కాదు. వానలో ఒక పోస్టుమ్యాన్ పార్సెళ్లతో సహా మోటారు సైకిలు మీదనుండి పడి కాలు విరగ్గొట్టుకొన్నాడనుకొందాం. జాగ్రత్తగా నడపలేదని రాస్తే ఫైలు మూతపడుతుంది. అంత బరువు ఎందుకు ఎత్తుకొన్నాడు? రెండు బీట్లు ఒక్కడే తిరగవలసి వచ్చింది గనుక. ఎందుకు? ఖాళీ అయిన పోస్టును నింపలేదు గనుక. ఎందుకు నింపలేదు? ఈ మూడవ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి బాధ్యత పై అంతస్తుకు చేరుతుంది. విచారణలు మొదటి ప్రశ్న వద్దనే ఆగిపోవడంలోని రహస్యం ఇదే.

పెద్ద ప్రమాదాలకు కమిషనర్ అయినా వస్తారు. పట్టాల మీద ఒంటరిగా నేలకొరిగే గ్యాంగ్‌మన్ కోసం ఎవరు వస్తారు? 2007-08 నుండి 2011 అక్టోబరు వరకు విధి నిర్వహణలో సుమారు 1600 మంది రైల్వే ఉద్యోగులు మరణించారని అనిల్ కకోద్కర్ కమిటీ 2012లో వెల్లడించింది. ఈ మరణాలలో ప్రతి ఒక్కటీ సమగ్ర విచారణకు అర్హమైనదే.

తప్పు చేసినవారిని వదిలిపెట్టమని మనం కోరడం లేదు. తాగి బండి నడిపినవానిని, తెలిసి తెలిసీ తప్పుడు రికార్డు రాసినవానిని ఏ సంఘమూ వెనకేసుకు రాకూడదు. అయితే శిక్షించే విచారణ, కారణం వెదికే విచారణ వేరువేరుగా జరగాలి. చెప్పిన మాటే చార్జిషీటుగా తిరిగివస్తుందన్న భయం వున్నచోట నిజం బయటికి రాదు. రైళ్లు నడిపేవారే రైలు ప్రమాదాలను విచారించరాదన్న సూత్రంతో 1941లోనే రైల్వే ఇన్‌స్పెక్టరేటును రైల్వే బోర్డు నుండి వేరుచేసి, నాటి తపాలా, విమానయాన శాఖ కింద వుంచారు. నేటికీ భద్రతా కమిషన్ పౌర విమానయాన మంత్రిత్వశాఖ కిందనే వున్నది. ఆ సూత్రం వర్క్‌షాపుకూ, గ్యాంగుకూ, సార్టింగు కార్యాలయానికీ వర్తించాలి.

కనుక ప్రతి విచారణలో కార్మిక ప్రతినిధికి స్థానం వుండాలి. నివేదికలు ఉద్యోగుల భాషలలో వారికి అందాలి. ప్రతి సిఫార్సు ఏ తేదీకి అమలయినదో బహిరంగంగా ప్రకటించాలి. ప్రాణనష్టం లేని ఘటనలను తెలియజేసినవారికి రక్షణ కావాలి. శాఖా సంఘాలు కూడా తమ వంతు పని ఇప్పుడే ప్రారంభించాలి. తృటిలో తప్పిన ప్రతి ప్రమాదాన్నీ తేదీతో సహా నమోదు చేసి, లిఖితపూర్వకంగా యాజమాన్యం ముందు పెట్టాలి. హెచ్చరిక అందలేదని చెప్పే అవకాశం ఎవరికీ మిగల్చరాదు.