పరుగుకి పది లక్షలట!

విశాఖలో క్రికెట్ మాట్లాడేవాళ్ల నోట ఒక లెక్క బాగా నలుగుతోంది. రిషభ్ పంత్‌కి లక్నో జట్టు ఇచ్చింది 27 కోట్లు. 2025 సీజన్‌లో అతను కొట్టింది 269 పరుగులు. భాగిస్తే పరుగుకి పది లక్షలు. "డబ్బులు సముద్రంలో పోసేశారు గురూ" అని ఆ వెంటనే తీర్పు. భాగహారం సరిగానే ఉంది. అసలు ఆ రెండు అంకెల్నీ భాగించడమే తప్పు.

ఈ లెక్క మన ఊళ్లో ఇంతగా పాతుకుపోవడానికి కారణం లేకపోలేదు. లక్నో తరఫున పంత్ తొలి మ్యాచ్ ఆడింది మన మధురవాడ స్టేడియంలోనే, 2025 మార్చి 24 రాత్రి. ఆరు బంతులాడి సున్నాకి వెనుదిరిగాడు. చివరి ఓవర్లో ప్రత్యర్థి ఢిల్లీకి ఆరు పరుగులు కావాలి, చేతిలో ఒక్కటే వికెట్. లక్నో బౌలర్ షాబాజ్ బంతికి మోహిత్ శర్మ ముందుకొచ్చాడు, బంతి పంత్ గ్లవ్స్‌లో పడలేదు, స్టంపింగ్ చేజారింది. మరో రెండు బంతుల్లో అశుతోష్ శర్మ సిక్సర్‌తో మ్యాచ్ ముగించేశాడు. 31 బంతుల్లో 66 కొట్టిన అశుతోష్ ధర 3.8 కోట్లు. అతనికి తోడుగా 15 బంతుల్లో 39 బాదిన విప్‌రాజ్ నిగమ్ ధర 50 లక్షలు. టికెట్టు కొనుక్కుని ఇదంతా చూసినవాడికి కడుపు మండిందంటే నేను తప్పుపట్టను. కానీ మండిన కడుపుతో వేసిన లెక్కని సూత్రం చేసి ఊరంతా పంచితే ఊరుకోలేం.

ముందు ఆ 27 ఎలా పుట్టిందో చూడండి. 2024 నవంబరు 24న జెడ్డాలో వేలం. కాసేపటి ముందే శ్రేయస్ అయ్యర్ 26.75 కోట్లకి పంజాబ్‌కి వెళ్లాడు. పంత్ కోసం లక్నో, మన సన్‌రైజర్స్ పోటీపడితే పాట 20.75 కోట్ల దగ్గర లక్నో మీద ఆగింది. అప్పుడు పాత జట్టు ఢిల్లీ "ఆ ధరకి మేమే తీసుకుంటాం" అని తన హక్కు వాడింది. ఆ ఏడాది కొత్త నిబంధన ప్రకారం లక్నో చివరిగా ఒక్కసారి ధర పెంచుకోవచ్చు. ఢిల్లీ మళ్లీ నోరెత్తకుండా లక్నో 27 అంది. ఢిల్లీ తప్పుకుంది. అంటే చివరి ఆరుంపావు కోట్లు పంత్ బ్యాటు చూసి పెట్టినవి కావు, ఢిల్లీని బెదరగొట్టడానికి పెట్టినవి. దాన్ని పరుగులతో భాగిస్తే వచ్చేదేమిటి?

వేలం అంటే ఏమిటో విశాఖవాసికి ఒకరు చెప్పాలా? తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి నిలబడండి. తడి సిమెంటు మీద వరసగా వంజరాలు, చుట్టూ గుంపు, గుంపు మధ్యలో పాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో దొరికిన వంజరానికి పలికే ధర, బోట్లన్నీ ఒకేసారి సరుకు దింపిన పొద్దున పలకదు. చేప అదే, తూకం అదే. ఎన్ని బోట్లొచ్చాయి, కొనేవాడి జేబులో ఎంత ఉంది, ఆ రోజు వాడింట్లో పెళ్లి ఉందా లేదా, ఇవే ధర కడతాయి. ఐపీఎల్ తుది జట్టులో విదేశీయులు నలుగురికి మించకూడదు. వికెట్ల వెనక నిలబడి, మిడిలార్డర్లో బ్యాటు పట్టి, జట్టుని నడిపించే భారతీయుడు ఆ వేలంలో ఎందరున్నారు? లక్నో దగ్గర 69 కోట్లు ఉన్నాయి, కెప్టెన్ లేడు. వాళ్లింట్లో ఆ రోజు పెళ్లి.

ఈ తప్పుడు లెక్కకి రెండో ముఖం కూడా ఉంది. "మన నితీశ్ కుమార్ రెడ్డికి ఆరు కోట్లేనా? తెలుగోడంటే చులకన!" అనే ఏడుపు. 2024లో 303 పరుగులు చేసి, వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్న విశాఖ కుర్రాడు. 20 లక్షల నుంచి ఆరు కోట్లకి వచ్చాడు. ఆ ఆరు ఎక్కడిదో ఎవరూ అడగరు. ఆ వేలానికి ముందు పాతవాళ్లలో ఐదుగురు అంతర్జాతీయ ఆటగాళ్లని అట్టేపెట్టుకుంటే జట్టు ఖాతాలోంచి 75 కోట్లు పోయేవి, దాన్ని ఎలా పంచుకున్నా జట్టు ఇష్టం. సన్‌రైజర్స్ క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్‌కి 14, హెడ్‌కి 14 ఇచ్చింది. కూడితే 69. డెబ్బై ఐదులోంచి తీసేయండి. ఇందులో తెలుగువాడి మీద చిన్నచూపు ఎక్కడుంది? ఉన్నది తీసివేత మాత్రమే.

"స్టీల్‌ప్లాంటు కార్మికుడు ముప్పై ఏళ్లు కొలిమి ముందు నిలబడినా అంత చూడడు" అనే వాదన మాత్రం న్యాయమైనది. అయితే అది వేరే ప్రశ్న. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి. పంత్‌కి ఇవ్వకపోతే ఆ 27 కోట్లు గాజువాకకి రావు. ఇంకో ఆటగాడికి పోతాయి, లేదా యజమాని జేబులో మిగులుతాయి.

మరి ఫలానావాడు అంత ధరకి తగునా అని తేల్చేదెలా? అమెరికా బేస్‌బాల్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయిన ఆటగాడు ఒప్పందం తీరాక నచ్చిన జట్టుతో బేరమాడుకోవచ్చు. ఆ బేరాల్లో అక్కడివాళ్లు ఒక మంచి ప్రశ్న నేర్చుకున్నారు: ఇతని బదులు చౌకగా దొరికేవాణ్ణి ఆడిస్తే ఎన్ని గెలుపులు తగ్గుతాయి? పరుగుల మొత్తం కంటే ఈ తేడాకే డబ్బు. 2024లో మిచెల్ స్టార్క్ 24.75 కోట్లకి కోల్‌కతాకి వచ్చి, మొదటి రెండు మ్యాచ్‌ల్లో వంద పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయకపోతే ఇదే ఎగతాళి నడిచింది. తర్వాత క్వాలిఫయర్లో మూడు, ఫైనల్లో రెండు వికెట్లు తీసి ట్రోఫీ అందించాడు. రెండుసార్లూ కూలింది మన సన్‌రైజర్సే కాబట్టి మనం మరిచిపోయే అవకాశం లేదు. ఆ రెండు రాత్రుల్ని ఏ వికెట్ల సంఖ్యతో భాగిస్తారు?

పంత్ విషయంలో లక్నోకి ఆ తేడా దక్కలేదు. ఆ 269లో 118 చివరి మ్యాచ్‌లోనే వచ్చాయి, అప్పటికే జట్టు పని అయిపోయింది. ఆ సీజన్‌కి అది నష్టబేరమే. ఒప్పుకుంటాను. కానీ బేరం నష్టపోతే తప్పు పాట పాడినవాడిది. "నాకు 27 ఇవ్వండి" అని పంత్ ఎవర్నీ అడగలేదు, ఆ వేలంలో ఆటగాడికి నోరే లేదు.

ఇంకా ధరే యోగ్యత అంటారా? అయితే మన కేఎస్ భరత్ సంగతి తేల్చండి. రంజీ చరిత్రలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్ మన విశాఖవాడే. 2021 అక్టోబరులో దుబాయ్‌లో ఆఖరి బంతికి ఐదు పరుగులు కావలసినప్పుడు ఢిల్లీ బౌలర్ అవేశ్ ఖాన్‌ని సిక్సర్ బాదాడు. అప్పటి ధర 20 లక్షలు. ఆ దెబ్బ తిన్న ఢిల్లీయే మరుసటి ఏడాది రెండు కోట్లు పెట్టి కొని, రెండే మ్యాచ్‌లు ఆడించింది, ఎందుకంటే అక్కడ కీపర్‌గా పంత్ ఉన్నాడు. తర్వాత గుజరాత్ 1.2 కోట్లు, కోల్‌కతా 50 లక్షలు. అదే కాలంలో భరత్ భారత టెస్టు జట్టుకి కీపింగ్ చేశాడు, ప్రపంచ టెస్టు ఫైనల్ ఆడాడు, సొంతూళ్లో ఇంగ్లండ్ మీద ఆడాడు. చేతులు అవే, ధర మాత్రం దిగుతూ వచ్చింది. జెడ్డా వేలంలో పంత్‌కి 27 కోట్లు పలికితే భరత్‌ని ఎవరూ కొనలేదు.

ధర చూసి మనిషిని తూచేవాళ్లు ఆ మాట కూడా పైకి అనాలి: భరత్ విలువ సున్నా అని. మధురవాడలో నిలబడి అనగలరా?