కొత్తగా వినబడిందల్లా గొప్పేనా?

ఈమధ్య రిబ్బన్ ట్వీటర్ ఉన్న చిన్న స్పీకర్లు కొన్నవాళ్లను ఎవరిని కదిలించినా ఒకటే మాట: "ఇరవై ఏళ్లుగా వింటున్న పాటే సార్, వెనకాల గజ్జెలు మోగుతాయని ఇప్పుడే తెలిసింది." హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసే కుర్రవాడూ, కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పెద్దాయనా ఇదే అంటారు. మా కల్లావి పక్క ఇలాంటి స్పీకర్లు విని కొనే వీలు లేదు కాబట్టి, ఆ మాట బెంగళూరు షోరూమ్ నుంచి అట్టపెట్టెతోపాటే బస్సెక్కి వస్తుంది. పెట్టె విప్పుతారు, వైర్లు తగిలిస్తారు, రెండు పాటలు వింటారు, తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పంతా గజ్జెల సాక్ష్యం మీదే నిలబడింది. ఆ సాక్ష్యం చెల్లదని నా వాదన.

ఇంతకుముందు వినబడని చప్పుడు ఇప్పుడు వినబడిందంటే పైస్థాయి శబ్దం మోతాదు పెరిగిందని అర్థం. అంతకుమించి ఏదీ రుజువు కాలేదు. పాత ఆంప్లిఫయర్‌లోనే ట్రెబుల్ మీట కాస్త కుడివైపుకు తిప్పి చూడండి, అవే గజ్జెలు లేచి కూర్చుంటాయి. మీట తిప్పితే "ట్రెబుల్ ఎక్కువైంది, తగ్గించు" అంటాం. అదే పెంపును స్పీకర్ లోపల పైస్థాయిని ట్వీటర్‌కూ కిందిదాన్ని వూఫర్‌కూ పంచే క్రాసోవర్ గుట్టుగా చేసిపెడితే "ఆహా, ఏం డీటెయిల్!" అంటాం. కొన్ని వేల హెర్ట్జ్ పైన రెండు మూడు డెసిబెల్స్ ఎత్తితే చాలు, పది నిమిషాల వినికిడిలో ఆ స్పీకర్ పక్కదాన్ని ఓడించేస్తుంది. స్పీకర్లు తయారుచేసేవాళ్లకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు.

ఈ మురిపెం ఘంటసాల పాటల దాకా వచ్చేసరికి నవ్వొస్తుంది. 1957 నాటి మాయాబజార్ పాటలు రిబ్బన్‌లో "కొత్తగా తెరుచుకున్నాయి" అనేవాళ్లున్నారు. ఆ కాలపు సినిమా ఆప్టికల్ సౌండ్ ట్రాక్‌లో 8,000 హెర్ట్జ్ పైన చెప్పుకోదగ్గది ఏమీ మిగలదు. దాని నుంచి తీసిన పాటలో ఆపైన కొత్తగా ఏదైనా వినబడితే అది ఫిల్ము గరగర అయినా కావాలి, తర్వాతెవరో కంప్యూటర్‌లో శుభ్రం చేస్తూ కలిపిందైనా కావాలి. డబ్బాల మీద 40,000 హెర్ట్జ్ అని అచ్చువేసుకుంటారు. యాభై దాటిన చాలామందికి 12,000, 14,000 పైన పెద్దగా వినబడదు. మిగిలిందంతా గబ్బిలాల వాటా.

అసలు ఈ రిబ్బన్ ఏమిటో చూస్తే అపోహ ఇంకా పల్చబడుతుంది. రెండు అయస్కాంతాల నడుమ వేలాడే పల్చటి అల్యూమినియం రేకు అది. మందం వెంట్రుక కన్నా తక్కువ. అందులోంచి కరెంటు పోతే అదే ముందుకీ వెనక్కీ ఊగి శబ్దం పుట్టిస్తుంది. మామూలు డోమ్ ట్వీటర్‌లో కాయిల్ ఒకటి, దానికి అతికించిన గుమ్మటం ఒకటి. ఇక్కడ రెండూ రేకే. బరువు తక్కువ, కాబట్టి చురుకు ఎక్కువ. జర్మనీలో సీమెన్స్ సంస్థలో పనిచేసిన షాట్కీ, గెర్లాక్ 1924 నాటికే దీన్ని రూపొందించారు. అంటే ఈ "కొత్త టెక్నాలజీ"కి వందేళ్లు నిండాయి.

అదే రేకును తిరగేసి వాడితే మైక్రోఫోన్ అవుతుంది. 1930ల మొదట్లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 44 వరుస రిబ్బన్ మైకులు తెచ్చింది. రేడియోలో, రికార్డింగ్ స్టూడియోల్లో వాటికి ఎందుకంత పేరొచ్చింది? మెత్తదనానికి. పైస్థాయిలు కొంచెం తగ్గించి గొంతును నున్నగా పట్టుకుంటాయని గాయకులు వాటి ముందు నిలబడడానికి ఇష్టపడ్డారు. అదే రేకు, అదే సూత్రం. మైకులో మెత్తదనానికి పేరు, స్పీకర్‌లో తళతళకు పేరు. అంటే ఆ తళతళ రేకు స్వభావం కాదన్నమాట, దాని చుట్టూ ఇంజనీరు పెట్టిన సర్దుబాటు. రిబ్బన్ అంటేనే డీటెయిల్ అనేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

పైగా రిబ్బన్ పేరుతో అమ్మేవన్నీ రిబ్బన్లు కావు. అసలు రేకు నిరోధం ఓమ్‌లో చిన్న భాగమే. నేరుగా తగిలిస్తే ఆంప్లిఫయర్ గతి అంతే, అందుకని మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ఖర్చు తప్పించడానికి ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం గీతలు అచ్చువేసి ప్లేనార్ పద్ధతిలో చేస్తారు. లేదా ఆ పొరనే మడతలు పెట్టి, హార్మోనియం తిత్తిలా గాలిని పిండి బయటికి తోసే ఏఎంటీ అనే ట్వీటర్ పెడతారు. ఈ ఏఎంటీ ఆస్కర్ హైల్ అనే జర్మన్ ఆలోచన. ఇంతకీ ఈ మూడూ మూడు వేర్వేరు యంత్రాలు. మూడింటికీ కలిపి "రిబ్బన్ సౌండ్" అని ఒక రుచి ఉందనడం ఏమి లెక్క?

ఇక డబ్బు మాట. జత ముప్పై నలభై వేలకు అమ్మే స్పీకర్‌లో ఖర్చుకు ఒక హద్దుంటుంది. పెట్టె, వూఫర్, క్రాసోవర్, ట్వీటర్, దారిఖర్చు, దుకాణదారు లాభం అన్నీ అందులోనే ఇమడాలి. ప్రకటనలో కనబడేది ట్వీటర్ కాబట్టి దాని మీద ఎక్కువ పెడతారు. ఆ ఎక్కువ ఎక్కడి నుంచో రావాలి కదా. పెట్టె పలక పల్చనవుతుంది, లోపలి బిగింపు చెక్క మాయమవుతుంది, క్రాసోవర్‌లో ఫిల్మ్ కెపాసిటర్ పోయి చవక ఎలక్ట్రొలిటిక్ వస్తుంది. అన్నిటికన్నా నష్టపోయేది వూఫర్. మనం వినే పాట నడిచేది అందులోనే.

అవును, వూఫర్‌లోనే. మగగొంతు స్వరం 100 నుంచి 400 హెర్ట్జ్ మధ్యన, మృదంగం, వీణ, నాదస్వరం బలమంతా 3,000 లోపే. ట్వీటర్ పుచ్చుకునేది పైనున్న అంచు మాత్రమే. అందులోనూ రేకు ఎక్కువ దూరం ఊగలేదు. కిందిస్థాయిలు మోయమంటే సాగిపోతుంది, చిరిగినా చిరుగుతుంది. కాబట్టి చిన్న రిబ్బన్‌కు పనిని 3,000 హెర్ట్జ్ దగ్గరో ఇంకా పైనో అప్పగించాలి. అప్పటిదాకా అయిదంగుళాల వూఫరే లాక్కురావాలి. ఆ ఎత్తుకు వచ్చేసరికి వూఫర్ శబ్దం ఎదురుగా సన్నటి పాయగా పోతుంది. సెంటీమీటరు వెడల్పున్న రేకు మాత్రం అడ్డంగా విశాలంగా విసురుతుంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పని మారే చోట ఇద్దరికీ పొంతన ఉండదు. ఎదురుగా కూర్చున్న యజమానికి బాగానే ఉంటుంది. పక్క కుర్చీలోని అత్తగారికి అదే గొంతు ముక్కుతో పాడినట్టుంటుంది.

ఆ చోటు ఎలాంటిదో మన అక్షరాలే చెబుతాయి. "శ" పలికినప్పుడు గాలి సవ్వడి సుమారు 3,000 ప్రాంతంలో మొదలవుతుంది, "స" సవ్వడి బలం 5,000 పైన. అతుకు సరిగ్గా "శ" మీద పడింది, పైన పెంచింది "స"కు బలమిచ్చింది. అందుకే ఇలాంటి స్పీకర్లలో తెలుగు వార్తలు పెట్టి వింటే మనిషి చదువుతున్నాడా, పళ్ల సందుల్లోంచి గాలి ఊదుతున్నాడా అనిపిస్తుంది. షోరూమ్‌లో ఎవరూ వార్తలు వినిపించరు. అక్కడ ఎప్పుడూ గిటారు తీగలు, తాళాల చప్పుడు, ఏదో ఇంగ్లీషు ఆడగొంతు. నాదస్వరం వినిపించమని అడిగి చూడండి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా రికార్డు ఒకటి పెట్టమనండి. ఆ వాద్యం జోరు సరిగ్గా ఆ అతుకు దాకా ఎక్కి వస్తుంది. స్పీకర్ బండారం అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

మన ఇళ్ల సంగతి ఈ మొదటి తీర్పుల్లో ఎక్కడా రాదు. మా పక్క ఇంట్లో స్పీకర్లు పెట్టేది షోకేసు పై అరలో. వినేది నేల మీద చాప పరుచుకుని. రేకు నిలువుగా ఆరు సెంటీమీటర్లుందనుకుందాం. 10,000 హెర్ట్జ్ శబ్దం తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లు కూడా లేదు. శబ్దం పుట్టే చోటు తరంగం కన్నా పొడవైతే ఆ దిశలో పాయ సన్నబడుతుంది. లెక్క వేస్తే పైకో కిందికో ఇరవై డిగ్రీలు తప్పుకునేసరికి ఆ స్థాయిలో ఒత్తిడి సగానికి పడిపోతుంది. ట్వీటర్ నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున ఉండి, మీరు రెండు మీటర్ల దూరంలో చాప మీద కూర్చుంటే ఆ ఇరవై డిగ్రీలకు దాదాపు చేరినట్టే. మామూలు అంగుళం డోమ్‌కు ఇంత పట్టింపు లేదు. లేచి నిలబడి మెచ్చుకున్న డీటెయిల్ కూర్చోగానే పోతుంది. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే మిగిలిన కాస్తా దాని హోరులో కలిసిపోతుంది. మే నెలలో ఫ్యాను ఆపి పాట వినే మొనగాడు ఉంటే చెప్పండి.

విచిత్రమేమిటంటే, ఇదే సన్నపాయ మన ఇళ్లలో రిబ్బన్‌కున్న అసలు మంచిగుణం. కృష్ణగిరి రాతి క్వారీల పుణ్యమా అని మా పక్క నేలంతా నున్నటి గ్రానైట్, పైన కాంక్రీటు స్లాబు. చప్పట్లు కొడితే గది ఖంగుమంటుంది. నేలకూ స్లాబుకూ తక్కువ శబ్దం విసిరే ట్వీటర్ అలాంటి గదిలో కాస్త నిమ్మళంగా వినబడాలి, ట్వీటరూ చెవీ ఒకే ఎత్తులో ఉంటే. రిబ్బన్‌ను మెచ్చుకోవాలంటే దీనికి మెచ్చుకోవాలి. కార్పెట్టు, సోఫాలు, తెరలు నిండిన షోరూమ్ గదిలో ఈ గుణం బయటపడదు. అందుకే దీని ఊసెత్తేవాడు లేడు. లేనిదాన్ని పొగుడుతూ ఉన్నదాన్ని వదిలేస్తున్నారని నా కోపం.

ఇంత తేలిగ్గా ఎందుకు పడిపోతున్నాం? మన చెవులు పెరిగింది మారెమ్మ పండగ మైకుసెట్ల కింద. చెట్టుకు కట్టిన గొట్టం స్పీకర్‌లో గొంతు ఊరి చివరిదాకా పోతుంది కానీ కింద బేస్ ఉండదు, పైన గజ్జె ఉండదు. ఆ తర్వాత టీవీ, ఆ తర్వాత ఫోన్ స్పీకర్. వాటి నుంచి నేరుగా రిబ్బన్ ముందుకు వస్తే తళతళ కళ్లు చెదరగొడుతుంది. తప్పులేదు. కానీ పోల్చింది ఫోన్‌తో. అదే ధరలో మంచి డోమ్ ట్వీటర్, దానికన్నా మంచి వూఫర్ ఉన్న జతతో పోల్చారా?

దీనికి తోడు నూరు గంటల సిద్ధాంతం ఒకటి. మొదటిసారి బాగుంటే రిబ్బన్ మహిమ. చెవిలో గుచ్చితే "ఇంకా బర్నిన్ కాలేదు, నూరు గంటలు మోగనివ్వండి." బాగున్నా రిబ్బనే గెలిచింది, బాగులేకున్నా రిబ్బనే గెలవబోతోంది. ఓడే దారి లేని పందెంలో గెలుపుకు విలువేమిటి? నూరు గంటల్లో ఎక్కువగా అలవాటుపడేది రేకు కాదు, చెవి. ఎంత గుచ్చినా కొన్నాళ్లకు అదే మామూలనిపిస్తుంది. చివరికి పాత స్పీకర్ మందకొడిగా తోస్తుంది.

కళ్లు కూడా ఈ కుట్రలో ఉన్నాయి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు హార్మన్ కంపెనీ ఉద్యోగులకే స్పీకర్లు వినిపించి మార్కులు వేయమన్నారు. ఒకసారి తెర వెనక, ఒకసారి కళ్ల ముందు. కళ్ల ముందున్నప్పుడు పెద్ద, ఖరీదైన పెట్టెలకు మార్కులు పెరిగాయి. తెర చాటున మంచి మార్కులు తెచ్చుకున్న చిన్న, చవక స్పీకర్‌కు పడిపోయాయి. స్పీకర్లు తయారుచేసే కంపెనీ మనుషులకే ఇలా అయితే, జాలీ వెనక వెండిరేకు మెరుస్తుంటే మనకు డీటెయిల్ వినబడకుండా ఎలా ఉంటుంది?

"నా చెవికి నచ్చింది, నీకేమిటి నొప్పి?" అనవచ్చు. నచ్చితే కొనుక్కోండి, వద్దనను. కానీ నచ్చడం వేరు, తీర్పు వేరు. రెండు పాటలు విని "ఈ ధరలో దీన్ని మించింది లేదు" అంటే ఆ మాట నమ్మి ఇంకెవరో అప్పు చేసి కొంటారు. తీర్పే చెప్పదలిస్తే ఒక్క స్పీకర్‌నే మోగించి వినండి. ఒంటి స్పీకర్‌తోనే లోపాలు బాగా పట్టుబడతాయని టూల్ పరీక్షలే చూపించాయి. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయండి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగనిపిస్తుంది. చాప మీద కూర్చుని, ఫ్యాను తిరుగుతుండగా, ఎదురుగానూ పక్కనా మారి వినండి. వారం తర్వాత పాత జత మళ్లీ తగిలించండి. అప్పుడు కూడా పాతదాంట్లో గొంతు చిన్నబోయినట్టుంటే కొత్తది గెలిచిందని ఒప్పుకుంటాను. గజ్జెలు చిన్నబోతే మాత్రం ఒప్పుకోను.

కొనేముందు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. వూఫర్ కాయిల్ కాలితే హోసూరులోనో కృష్ణగిరిలోనో మెకానిక్ కాయిల్ కట్టిస్తాడు, కోన్ మారుస్తాడు. రేకు చిరిగితే? పిల్లవాడు జాలీలోంచి గట్టిగా ఊదినా సాగిపోగల రేకు అది. విడిభాగం దొరుకుతుందా, ఎన్నాళ్లకు వస్తుంది, ఎంతవుతుందని రాతపూర్వకంగా తీసుకోవాలి. దానికి దుకాణంలో నసిగితే ఆ డబ్బులో సగానికి మంచి డోమ్ జత తీసుకుని, చెవి ఎత్తుకు ఇనుప స్టాండ్లు వెల్డింగ్ షాపులో చేయించి, గ్రానైట్ నేల మీద భవాని జమక్కాళం రెండు మడతలు పరిస్తే సరిపోతుంది.