ఇంటర్ లెక్కలకు బీటెక్‌లో క్రెడిట్ ఇవ్వాలి

చోడవరంలో ఎంపీసీ చదివే విద్యార్థి మాత్రికలు, సమాకలనం, అవకలన సమీకరణాలు ఇంటర్లోనే నేర్చుకుంటాడు. బీటెక్ మొదటి ఏడాదిలో వాటిలో కొన్ని మళ్లీ ఎదురవుతాయి. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. సీటొచ్చాక వాటి ఊసే ఉండదు.

అమెరికాలో 1955 నుంచి కాలేజ్ బోర్డు హైస్కూల్ పిల్లలకు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కార్యక్రమం నడుపుతోంది. అందులోని కాలిక్యులస్ పరీక్షలో 4, 5 స్కోరు తెచ్చుకున్నవారికి చాలా విశ్వవిద్యాలయాలు క్రెడిట్ ఇస్తాయి. అక్కడి తెలుగు పిల్లలెందరో అలా కాలమూ ఫీజూ మిగుల్చుకుంటున్నారు.

ముందు చదివినదాన్ని లెక్కించడం మనకూ కొత్త కాదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నారు.

2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ పాఠశాల చదువునూ లెక్కలోకి తీసుకుంది. ఇక విశ్వవిద్యాలయాలు ఒక్క గణితంలోనైనా పరీక్ష పెట్టి క్రెడిట్ ఇవ్వడం మొదలుపెట్టాలి. ఆ పరీక్షకు ఫీజు ఉండకూడదు, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండాలి. లేకుంటే ఆ మేలు కార్పొరేట్ కాలేజీల పిల్లలకే దక్కుతుంది.